ఇంటికి వచ్చిన బడి



క్రిందటి మాసమున ఈ శీర్షికలో నిలువ పచ్చళ్లను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున వంటయింటి గడప దాటకయే వేరొక విషయమును విచారింతము. నేను చెప్పబోవు బడి ఆ గడపయొద్దనే జరిగినది. ఆ గడపయొద్దనే చెడినది. తుదకు ఆ గడపయొద్దనే బాగుపడినది.

విశాఖపట్టణమున గాజువాకలో మా యింటికి రెండిళ్ల అవతల ఒక కుటుంబము కలదు. ఇంటి యజమాని ఉక్కు కర్మాగారములో కాంట్రాక్టు పనివాడు. ఒక వారము ఉదయపు షిఫ్టు, ఒక వారము మధ్యాహ్నపు షిఫ్టు, మరియొక వారము రాత్రి షిఫ్టు. బిడ్డలు ఇద్దరు, పెద్దవాడు కుమారుడు, చిన్నది కుమార్తె. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన బడులన్నియు మూతపడినప్పుడు ఆ బాలిక యెనిమిదవ తరగతిలో నుండెను. కొన్ని నెలలకు తొమ్మిదవ తరగతి పాఠములు ఫోనులో మొదలైనవి. ఇంటికంతటికిని పాఠము వచ్చెడి ఫోను ఒక్కటియే.

ఒకనాటి యుదయమున మజ్జిగ తోడు కొరకు వారింటికి వెళ్లితిని. పొయ్యి ప్రక్కన ఉప్పు డబ్బాకు చేరవేసిన ఫోనులో ఉపాధ్యాయుడు బీజగణితము చెప్పుచున్నాడు. బాలిక ఒక కంట ఆ ఫోనును, ఒక కంట పెనమును చూచుచు దోసె త్రిప్పుచున్నది. ముందుగదిలో తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి నిద్రించుచున్నాడు గనుక ధ్వని తగ్గించినారు. పోపు చిటపటలలో ఆ సమీకరణము నాకే వినబడలేదు; ఆ బిడ్డకేమి వినబడును? ఇంతలో అన్నగారి తరగతికి వేళయైనదని ఫోను అతని చేతికి పోయినది. నేను చూచుచుండుట గమనించి తల్లి, “వింటూనే పని చేస్తుందిలెండి అక్కయ్యగారూ, ఆడపిల్ల కదా!” అనినది. నేనును నవ్వి, తోడు తీసికొని వచ్చితిని. ఆ నవ్వునకు ఇప్పటికిని సిగ్గుపడుచున్నాను.

ఆ యేటి నవంబరు 2వ తేదీని తొమ్మిది, పది తరగతులకు బడులు తెరచిరి. బాలిక బడికి పోయినది గాని పాఠము ఆమెను విడిచి చాల దూరము సాగిపోయినది. 2022లో పదవ తరగతి పరీక్ష వ్రాసి గణితమునను విజ్ఞానశాస్త్రమునను తప్పినది. అనుబంధ పరీక్షయు అచ్చిరాలేదు. అంతట ఇంట పెండ్లి మాటలు మొదలైనవి.

ఇది ఒక్క యింటి కథ కాదు. మన రాష్ట్రమున 2019లో పదవ తరగతి పరీక్ష వ్రాసినవారిలో నూటికి దాదాపు 95 మంది ఉత్తీర్ణులైరి. 2020లోను 2021లోను పరీక్షలే జరుగలేదు. మరల పరీక్ష జరిగిన 2022లో నూటికి 67 మంది మాత్రమే గట్టెక్కిరి. దాదాపు రెండు లక్షలమంది బిడ్డలు ఆగిపోయిరి. ఇందులకు ఫోను పాఠమొక్కటే కారణమని నేననను. బడి మూత, జబ్బు భయము, సంపాదన పోయిన తండ్రులు, ఇవియెల్ల కలవు. పాడేరు కొండలలో సిగ్నలు కొరకు గుట్ట లెక్కిన బిడ్డలును కలరు. అయినను ఒక్క సంగతి మనము మరువరాదు. 2019–20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనను ఇంటర్నెట్టు వాడితిమని చెప్పినవారు మన రాష్ట్రమున పురుషులలో నూటికి సుమారు 49 మంది. స్త్రీలలో 21 మంది మాత్రమే. అనగా పాఠము ఫోనులోనికి ఎక్కుటకు ముందే ఫోను పురుషుల చేతిలో నుండినది. అట్లుండియు 2022 పరీక్షలో బాలికలు బాలురకంటె మెరుగుగా నిలిచిరి. సగము చెవితో విని ఇంత సాధించినవారు పూర్తి చెవితో వినియుండిన ఇంకెంత సాధించియుందురో మీరే యోజింపుడు.

కరోనా పోయినది, ఇంటికి వచ్చిన బడి మాత్రము పోలేదు. పోనక్కరయు లేదు. 2017లో కేంద్ర ప్రభుత్వము స్వయం, దీక్ష యను రెండింటిని నెలకొల్పినది. స్వయములో తొమ్మిది మొదలు పండ్రెండు వరకు గల తరగతుల విషయములు వీడియో పాఠము, చదువవలసిన వ్రాత, తన్ను తాను పరీక్షించుకొను ప్రశ్నలు, సందేహములు అడుగు చోటు, అను నాలుగు భాగములుగా నుండును. పాఠ్యపుస్తకములలో అచ్చువేసిన నలుచదరపు గుర్తుకు ఫోను చూపినచో దీక్షలోని పాఠము తెరచుకొనును. ఫోను లేని యింటివారికి టీవీ కలదు. 2020లో సప్తగిరి దూరదర్శనమున మన రాష్ట్రపు పాఠములు వచ్చినవి. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క చానలు చొప్పున నడుపు ఏర్పాటును కేంద్రమువారు ఆ యేడే ప్రకటించిరి.

ఇవి బడికి పోవుచున్న బిడ్డకు ఊతకఱ్ఱలు. బడి తప్పిన బిడ్డకు కావలసినది ఊతకఱ్ఱ కాదు, త్రోవ. అదియు కలదు. 1979లో కేంద్ర మాధ్యమిక విద్యా మండలివారు చిన్న ప్రయత్నముగా మొదలిడిన సార్వత్రిక పాఠశాల 1989లో ప్రత్యేక సంస్థగా ఏర్పడి, 2002లో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ యను పేరు దాల్చినది. ఎన్.ఐ.ఓ.ఎస్. అని జనులు వాడుక చేయునది ఇదియే. 1991 నుండి మన రాష్ట్రమునకు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠము వేరుగా కలదు. ‘ఓపెన్ స్కూలు’ అనినచో అందరకును తెలియును. వీని పదవ తరగతి ధ్రువపత్రము తక్కిన బోర్డుల పత్రముతో సమానము.

జాతీయ సంస్థవారి పద్ధతిని కొంచెము వివరించెదను. పదునాలుగేండ్లు నిండినవారు పదవ తరగతికి చేరవచ్చును. గరిష్ఠ వయస్సు లేదు. ఐదు విషయములు చదువవలెను. అందొకటియైనను భాష కావలయును, రెంటికి మించరాదు. ఒకసారి చేరినచో ఐదేండ్ల గడువు. పరీక్షలు ఏటికి రెండు పర్యాయములు జరుగును. అన్నియు ఒక్కసారే వ్రాయనక్కర లేదు. ఒక్కొక్క విషయము గట్టెక్కినకొలది అది జమయగును, తక్కినది మరల వ్రాయవచ్చును. వేరు బోర్డులో పరీక్ష తప్పినవారు అక్కడ ఉత్తీర్ణులైన విషయములలో రెంటిని ఇక్కడకు మార్చుకొనవచ్చును. పుస్తకములు తెలుగునను దొరకును. ఇంట వ్రాసి యీయవలసిన ప్రశ్నపత్రములుండును. వానికిని మార్కులలో భాగము కలదు.

చదువవలసిన విషయములలోనే మెలకువ యవసరము. గణితము, విజ్ఞానము, సాంఘికము వంటివి మనకు తెలిసినవే. వానితోపాటు గృహవిజ్ఞానము, చిత్రలేఖనము, కర్ణాటక సంగీతము, మనస్తత్వశాస్త్రము, వాణిజ్యము, లెక్కల పద్దులు, కంప్యూటరులో సమాచారము నెక్కించు పని, ఇట్టివి ఐచ్ఛికములుగా నుండును. మన వీధి బడిలో సంగీతము చెప్పువారుండరు. మనస్తత్వశాస్త్రమను పేరే వినబడదు. బడిలో లేని పాఠము ఫోనులో వచ్చుట మేలైన సంగతి. అయితే ఈ యేర్పాటులో ఒక గుంత కూడ కలదు. గణితము తీసికొనకయే పదవ తరగతి ముగింపవచ్చును. “లెక్కలంటే భయమా? మానెయ్యండి, తేలికవి తీసుకోండి” అని చెప్పువారు వీధికొకరు కలరు. ఇది ఉక్కు కర్మాగారము, రేవు, ఓడల మరమ్మతు గల పట్టణము. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పనికైనను, పాలిటెక్నికునకైనను గణితమును విజ్ఞానమును చదివి యుండుట ముఖ్యము. పదునారేండ్ల వయస్సున భయపడి మూసిన తలుపు ఇరువదియేండ్ల వయస్సున తట్టినను త్వరగా తెరచుకొనదు. కాబట్టి బిడ్డ యేమి కాదలచినదో ముందు అడిగి, దానికి కావలసిన ముఖ్యవిషయములను నిలుపుకొని, ఐచ్ఛికమును మాత్రము ఆమె యిష్టమునకు విడువుడు.

మా గాజువాక బాలిక విషయమునను ఈ తర్కమే జరిగినది. ఆంగ్లమును సాంఘికమును మార్చుకొని, గణితమును విజ్ఞానమును మరల చదువుటకు ఆమె యొడంబడినది. మిగిలిన ఐదవ విషయము గూర్చియే వాదము. తల్లి గృహవిజ్ఞానమనినది. బిడ్డ, “అది నీ దగ్గర నేర్చుకుంటూనే ఉన్నాను గదమ్మా! నాకు కంప్యూటరు కావాలి” అనినది. తల్లి నా వంక చూచినది. నేను బిడ్డ పక్షమున నిలిచితిని. మజ్జిగ తోడునాటి నవ్వునకు ప్రాయశ్చిత్తముగా నేను చేసినది ఆ పాటియే.

తక్కినదంతయు ఆ తల్లి చేసినది. ఏమి చేసినదని యడిగెదరా? ఒక గంట యిచ్చినది. ప్రతిదినము రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది వరకు ఆ బిడ్డకు గిన్నె లేదు, బట్ట లేదు, తమ్మునివంటి అన్నకు అన్నము వడ్డించు పని లేదు. తండ్రి మధ్యాహ్నపు షిఫ్టులో నుండి ఫోను ఇంటలేని వారమున ఆ గంట ఉదయము ఐదుకు మారెడిది. మారునే గాని పోదు. మొదట అన్న అలిగినాడు, తండ్రి విసుగుకొన్నాడు. తల్లి వాదింపలేదు, గోడ గడియారము క్రింద చాప వేసి కూర్చున్నది. బిడ్డ పాఠము ముగిసినపిమ్మట, “ఈ రోజు ఏం చదివావో నాకు చెప్పు” అని యడిగెడిది. ఆ తల్లి చదివినది ఏడవ తరగతి. సమీకరణము తప్పో ఒప్పో ఆమె యెరుగదు. కాని బిడ్డ చెప్పుచు తడబడినచోట, “అక్కడ ఆగావేం? మళ్లీ విను” అనెడిది. ఫోను పాఠమునకు ఇదియొక సుగుణము. బడి ఉపాధ్యాయునివలె అది ముందుకు పోదు, వెనుకకు త్రిప్పినచో పదిసార్లయినను విసుగక చెప్పును. ఆగినచోట త్రిప్పించు మనిషి మాత్రము ఇంట నుండవలెను.

2023 వేసవిలో ఆ బాలిక విజ్ఞానమును కంప్యూటరు విషయమును గట్టెక్కినది, గణితము తప్పినది. వెనుకటి పరీక్షవలె ఇది ఆమెను కూలద్రోయలేదు, ఏలయన గెలిచినవి జమయై యున్నవి. ఆ యేటి శీతకాలపు పరీక్షలో గణితమును దాటినది. 2024లో పాలిటెక్నికులో చేరినది.

ఇంట చదువుకొని పరీక్షకు కూర్చుండుట మన ఆంధ్రస్త్రీలకు క్రొత్త గాదు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయిగారికి ఎనిమిదవ యేటనే వివాహమైనది. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయివచ్చినపిదప ఆమె ఇంట చదివి కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలైరి. పట్టపరీక్షకు మన వాల్తేరునకే వచ్చిరి. స్త్రీలకు వసతిగృహము లేదని ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు సందేహింపగా, పత్రికలో ప్రకటన యిచ్చి తోడి బాలికలను కూర్చుకొని వసతికి తామే దారి చేసికొనిరి. 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, తాను వ్రాసిన ఆ కాశీ పరీక్షకే తక్కిన స్త్రీలను సిద్ధపరచిరి. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షురాలుగా నున్న కాలమున 1958లో, చదువు మధ్యలో విడిచిన స్త్రీల కొరకు సంక్షిప్త విద్యాతరగతులను దేశమంతట ఏర్పాటు చేయించిరి. ఆనాడు ఫోను లేదు, వీడియో లేదు. ఉన్నదేమనగా చదువుకొను గంట, ఆ గంటను కాపాడు పట్టుదల. ఇప్పుడు పాఠము చవుకయైనది, గంటయే ప్రియమైనది.

ఈ గంటను మీ యింట నిలుపదలచిన సోదరీమణులకు నాకు తోచిన నాలుగు మాటలు చెప్పెదను.

ఒకటి. వేళ మారవచ్చును గాని కొలత తగ్గరాదు. షిఫ్టు పనివారి యింటను, వేకువనే చేపల రేవునకు పోవు తల్లుల యింటను దినమెల్ల ఒక్క తీరుగా నుండదు. వారము మొదటనే ఆ వారపు వేళను కాగితముపై వ్రాసి గోడకంటింపుడు. కొడుకునకు ఎంత వేళయో కూతునకు అంత వేళ. ఫోను ఒక్కటే యైనచో వంతు కూడ ఆ కాగితముమీదనే వ్రాయుడు.

రెండు. చోటు వంటయింట కారాదు. తలుపు మూసిన గదియు కారాదు. నలుగురు తిరుగాడునట్టి చోట గోడవైపునకు చాప వేయుడు. పాఠము చూచుట చదువు కాదు. పెన్సిలు పట్టి వ్రాసికొన్నదియే నిలుచును. పాఠము ముగిసినంతనే ఫోను చేతులు మారవలెను. లేనిచో పాఠము వెనుకనే ఆటలును బొమ్మలును వచ్చి కూర్చుండును.

మూడు. ఇంట వ్రాసి యీయవలసిన ప్రశ్నలను బిడ్డ చేతనే వ్రాయింపుడు. డబ్బిచ్చి వ్రాయించువారును, ఫోనులోనుండి దించి వ్రాయువారును కలరు. అట్లు వచ్చిన మార్కు పరీక్ష గదిలో తోడు రాదు. సందేహములుండినచో అధ్యయన కేంద్రమున సెలవు దినములలో జరుగు తరగతులకు తప్పక పంపుడు. మనిషి ముఖము చూచి అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యుండును. వానికి ఫోను చాలదు.

నాలుగు. “చదవకపోయినా పది పాసు చేయిస్తాం” అను ప్రకటనలను నమ్మకుడు. రుసుము కట్టుటకు ముందే ఆ బోర్డు ధ్రువపత్రమును కళాశాలవారు అంగీకరింతురా యని బిడ్డ చేరదలచిన కళాశాలలోనే యడుగుడు. దరఖాస్తు సంస్థవారి సొంత వెబ్‌సైటునందే నింపుడు. ఫోనునకు వచ్చు ఓటీపీ సంఖ్యను ఎంత మర్యాదగా నడిగినను ఇతరులకు చెప్పకుడు.

ఇన్నియు చెప్పి ఒక్క మాట దాచుట న్యాయము గాదు. అన్ని యిండ్లయందును ఈ గంట తేలిక కాదు. ఇంట ముసలివారు మంచమున నున్నారు, నీళ్లు వచ్చు వేళ ఒక్కటే, తల్లియే పనికి పోవలెను. అట్టిచోట పెద్దకూతురే రెండవ తల్లి. ఆ తల్లిని నిందించుటకు నాకు నోరు రాదు. కాని ఆమెనే అడుగుచున్నాను: అమ్మా, నీకు ఆ వయస్సున ఎవరైనను ఒక గంట యిచ్చియుండిన?

ఈ ప్రశ్నకు నాకు జవాబు చెప్పినది ఆ గాజువాక తల్లియే. కుమార్తె పాలిటెక్నికులో చేరిన దినమున పూతరేకులు పంచుటకు వచ్చి, వెళ్లబోవుచు గుమ్మమున నిలిచి, “అక్కయ్యగారూ, ఆ ఓపెన్ స్కూల్లో వయసు పట్టింపు లేదన్నారు గదా? ఏడో తరగతి కాగితం మా పుట్టింట్లో ఎక్కడో ఉంది. అది లేకపోతే కుదరదంటారా?” అని మెల్లగా నడిగినది. చదువగల శక్తి కలదని తానే వ్రాసి యిచ్చినను చాలునని నాకు తెలిసినది చెప్పితిని. ఆమె తల వంచుకొని కొంతసేపు ఊరకుండినది. పిమ్మట, “రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది ఇప్పుడు ఖాళీయేనండీ” అనినది.

నేటికి ఆ గంట ఆ యింట నడచుచునే యున్నది. ఇప్పుడు చాపమీద తల్లి కూర్చుండును. సెలవులకు కూతురు ఇంట నున్నప్పుడు ఎదుట కూర్చుండి, “ఈ రోజు ఏం చదివావో చెప్పమ్మా” అని యడుగును.

మీ యింట ఆ గంట యే వేళకు కుదురునో ఈ రాత్రియే యోజింపుడు.